ఉయ్యాల, మగ్గం, సుగ్గి: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో బడికి ముందటి బాల్యం

వ్యాస సంగ్రహం

కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో బడీడు రాని పిల్లల సంరక్షణ, తొలి విద్య ఎలా సాగాయో ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. 1823 నాటి బళ్లారి కలెక్టరు నివేదిక మొదలుకొని నేటి అంగన్‌వాడీ వరకు ఉన్న ఆధారాలను, ఈ ప్రాంతపు శ్రమరూపాలతోనూ పిల్లల పెంపకానికి సంబంధించిన పలుకుబడులతోనూ కలిపి చదువుతుంది. ఇక్కడి పసిపిల్లల బాల్యం తల్లి పనిని అనుసరించి నడిచిందనీ, వారికోసం ఏర్పడిన సంస్థలు మాత్రం ఊరినీ వయసునూ ప్రమాణంగా తీసుకున్నాయనీ, ఆ రెండింటి మధ్య ఎడం నేటికీ పూడలేదనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

ఉపోద్ఘాతం

తెలుగులో పసిపిల్లల వయసును చెప్పే మాటలు చాలావరకు అంకెలతో ముడిపడి ఉండవు. పసికందు, చంటిబిడ్డ, ఎత్తుబిడ్డ, చంకబిడ్డ, పారాడే బిడ్డ, తప్పటడుగుల బిడ్డ అన్న పదాలు బిడ్డ శరీరస్థితినో, తల్లి శరీరంతో బిడ్డకున్న సంబంధాన్నో చెబుతాయి. చంకబిడ్డ అన్నప్పుడు ఆ మాటలో మోసే మనిషి కూడా ఉంటుంది. ‘బడీడు’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఈ తీరు మారుతుంది. అక్కడ బిడ్డకు కొలత సంస్థ. బడీడు పిల్లలు అన్న మాట సర్కారు కాగితాలలోనూ జనవ్యవహారంలోనూ స్థిరపడింది. దానికి ముందటి దశకు అంత వాడుకలో ఉన్న ఒక్క మాట లేదు. ‘పూర్వప్రాథమిక దశ’ అనే శాస్త్రపదం ఉన్నా, అది తల్లుల నోట పలికే మాట కాదు.

ఈ లోటు కేవలం పదజాలానికి సంబంధించింది కాదు. బడీడు పిల్లలకు బడి, హాజరుపట్టీ, హక్కు ఏర్పడ్డాయి. అంతకుముందటి వయసు ఇంటి వ్యవహారంగానే మిగిలింది. పత్తి, మగ్గం, వలస కూలీ ప్రధాన జీవనాధారాలైన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఆ ‘ఇల్లు’ ఎక్కడుంది, అందులో బిడ్డను చూసుకునేది ఎవరు అన్న ప్రశ్నలను చారిత్రకంగా పరిశీలించవలసి ఉంది.

1. ఐదో ఏటి గడప: 1823 నాటి నివేదిక

1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించిన దత్తమండలాలలో ఆదోని సీమ ఒకటి. తర్వాత అది బళ్లారి జిల్లాలో భాగమై 1953 వరకు అక్కడే కొనసాగింది. కాబట్టి ఈ ప్రాంతపు విద్యాచరిత్రకు తొలి ఆధారాలను బళ్లారి దస్త్రాలలోనే వెతకాలి.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్ 25న, రాజధానిలోని ప్రతి జిల్లాలో దేశీయ పాఠశాలల స్థితిని విచారించి తెలపాలని ఉత్తర్వు చేశాడు. దానికి సమాధానంగా బళ్లారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న పంపిన నివేదిక, ఆనాటి కలెక్టర్ల నివేదికలన్నిటిలో వివరమైనదిగా పేరు పొందింది. 1816లో తెలుగు వ్యాకరణాన్నీ, 1821లో నిఘంటువునూ ప్రకటించిన క్యాంప్‌బెల్ తెలుగు పరిశోధకులకు సుపరిచితుడే. ధరంపాల్ 1983లో ప్రచురించిన ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ ద్వారా ఈ నివేదిక విస్తృత చర్చలోకి వచ్చింది.

ఆ లెక్క ప్రకారం జిల్లా జనాభా 9,27,857, పాఠశాలలు 533, విద్యార్థులు 6,641 మంది. అంటే వెయ్యిమందికి సుమారు ఏడుగురు. బడుల్లో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మరాఠీవి 23, పారశీకానివి 21. విద్యార్థులలో ముస్లిం బాలురు 243 మంది, బాలికలు 60 మంది మాత్రమే.

పాఠశాల ప్రవేశ విధానాన్ని కూడా క్యాంప్‌బెల్ వర్ణించాడు. హిందూ బాలుడి చదువు సాధారణంగా ఐదో ఏట మొదలవుతుంది. ఆ రోజున గురువు, తోటి విద్యార్థులు బాలుడి ఇంటికే వస్తారు. విఘ్నేశ్వరుడి ప్రతిమ చుట్టూ కూర్చుంటారు. గురువు బిడ్డ వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయిస్తాడు. అంటే బిడ్డ బడికి వెళ్లడానికి ముందు బడే బిడ్డ ఇంటికి వస్తుంది. అక్షరాభ్యాసంగా నేటికీ నిలిచిన ఈ సంస్కారానికి సామాజికార్థం కూడా ఉంది. ఇంటికీ బడికీ మధ్య గడప ఒకటుందనీ, దాన్ని ఒంటరిగా దాటమని పసివాడికి చెప్పకూడదనీ ఆనాటి సమాజం గుర్తించింది. అయితే బియ్యం, దక్షిణ, గురువుకిచ్చే జీతం సమకూర్చుకోగల ఇళ్లకే ఆ గడప ఉండేది.

ఆ నివేదికలో ఈ వ్యాసానికి అత్యంత కీలకమైన పరిశీలన మరొకటి ఉంది. బడులు తగ్గిపోవడానికి కారణం దేశం క్రమంగా పేదదైపోవడమేనని క్యాంప్‌బెల్ స్పష్టంగా రాశాడు. ఇక్కడి నూలు వస్త్రాల స్థానంలో ఐరోపా సరుకు రావడంతో చేతివృత్తులవారి రాబడి పడిపోయిందనీ, మధ్యతరగతివారూ కిందివారూ పిల్లల చదువుకు ఖర్చు పెట్టలేకపోతున్నారనీ, లేత అవయవాలు కాస్త పనికి పనికొచ్చే స్థితికి రాగానే పిల్లల సాయం తల్లిదండ్రులకు అవసరమవుతోందనీ అతని నివేదిక సారాంశం. బడికి ముందటి వయసు, పనికి ముందటి వయసు ఒకే చోట ముగిసిపోతున్నాయని ఒక ప్రభుత్వాధికారి ఇలా రెండు శతాబ్దాల కిందటే నమోదు చేశాడు.

భాష గురించి అతడు చేసిన విమర్శ కూడా గమనార్హం. బడుల్లో చదివించే పద్యగ్రంథాల భాష వ్యవహారభాషకు దూరమైనదనీ, పిల్లలు అర్థం తెలియకుండానే వల్లె వేస్తున్నారనీ అతడు రాశాడు. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వీధిలో వినిపించే ఆదోని వంటి పట్నంలో ఇంటిభాషకూ బడిభాషకూ ఉన్న దూరం ఇంకా ఎక్కువ. ఆ దూరాన్ని తగ్గించవలసిన దశ బడికి ముందటిదే. ఆ దశకు ఆనాడు సంస్థ అంటూ ఏదీ లేదు.

2. మగ్గం పక్క ఉయ్యాల

సంస్థ లేకపోయినంత మాత్రాన సంరక్షణ లేదని చెప్పలేం. ఎమ్మిగనూరు నేతపనికి పేరుపొందిన ఊరు. మాచాని సోమప్ప కృషితో 1938లో ఇక్కడ ఏర్పడిన చేనేత సహకార సంఘం దేశంలోని ప్రముఖ నేత సంఘాలలో ఒకటిగా ఎదిగింది. చేనేతలో పని ఇంట్లోనే జరుగుతుంది. గుంటమగ్గంలో మగవాడు నేస్తుంటే, రాట్నం మీద కండెలు చుట్టడం, పడుగు సిద్ధం చేయడం వంటి పనులు ఎక్కువగా స్త్రీలు, పిల్లలు, వృద్ధులు చేస్తారు. దూలానికి చీరతో కట్టిన ఉయ్యాల, రాట్నం ఒకే గదిలో ఉంటాయి. తల్లి ఒక చేత్తో రాట్నం తిప్పుతూ కాలితో ఉయ్యాల తాడు కదిలించగలదు.

జానపద సాహిత్య పరిశోధన ఈ దృశ్యాన్ని రెండుగా విడదీసింది. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ వేసిన బాటలో, జోలపాటలు పిల్లల పాటల వర్గంలోకీ, పనిపాటలు శ్రామిక గేయాల వర్గంలోకీ చేరాయి. వర్గీకరణకు ఆ విభజన అవసరమే. కాని పాడే మనిషి వైపు నుంచి చూస్తే రెండు పాటలూ ఒకే గొంతువి, తరచు ఒకే వేళవి. జోలపాట లయ ఉయ్యాల ఊపును అనుసరించడం ఎంత సహజమో, తల్లి చేతిపని తీరును అనుసరించడమూ అంతే సహజం. జోలపాటను తీరిక వేళ పాటగా, కేవల వాత్సల్య వ్యక్తీకరణగా చదివే అలవాటు వల్ల అందులోని శ్రమ కనుమరుగైంది. నిజానికి జోల ఒక పనిముట్టు. బిడ్డ నిద్రపోతేనే తల్లి చేతులకు తెరిపి దొరుకుతుంది.

తొలి విద్య కూడా ఇదే గదిలో జరిగింది. చేతులు పట్టుకుని ఆడే చెమ్మచెక్క శరీరానికి తాళజ్ఞానాన్నిచ్చింది. అచ్చనగిల్లలు లెక్కను నేర్పాయి. గుజ్జనగూళ్లు ఇంటిపనిని అనుకరణగా నేర్పాయి. నూలు రంగులు, పోగుల లెక్క నేతగాని బిడ్డకు చూపుతోనే వచ్చాయి. దీనిని కేవలం గతవైభవంగా కీర్తించలేం. పోగుల లెక్క నేర్చిన బిడ్డ ఏ వయసున కండె చుట్టడానికి కూర్చున్నదన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. నేర్వడం ఎక్కడ ముగిసి పని ఎక్కడ మొదలైందో ఇంటి గదిలో గీత గీయడం కష్టం. క్యాంప్‌బెల్ గమనించిన ‘లేత అవయవాల సాయం’ ఆ గదిలోనిదే.

3. మిల్లు, చట్టం, శిశుశాల

నల్లరేగడి నేలల మధ్య ఉన్న ఆదోని పత్తి వ్యాపారానికి కేంద్రం. మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. ఆ దారిలో ఉన్న ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లులు, బేళ్లు కట్టే ప్రెస్సింగ్ మిల్లులు, నూనె మిల్లులు క్రమంగా వెలిశాయి. వాటితో ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. నేత ఇంట్లో తల్లి, బిడ్డ, పని ఒకే చోట ఉండేవి. మిల్లు తల్లిని గేటు లోపలికి తీసుకుని బిడ్డను బయట వదిలింది.

చట్టాల చరిత్ర ఈ బిడ్డను చాలా ఆలస్యంగా చూసింది. 1881 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదని నిషేధించింది. అయితే అది వందమందికి పైబడిన కర్మాగారాలకే వర్తించింది. ఏడాదిలో నాలుగు నెలలకు మించి నడవని వాటిని వదిలేసింది. పత్తి సీజనులో మాత్రమే నడిచే జిన్నింగ్ మిల్లులకు ఇది అనుకూలించిన మినహాయింపు. 1891లో కనీస వయసు తొమ్మిదేళ్లకు, 1922లో పన్నెండేళ్లకు పెరిగింది. ఈ చట్టాలన్నీ పనిచేసే పిల్లలను గురించినవి. పనిచేసే తల్లి వెంట వచ్చిన బిడ్డ ప్రస్తావన స్వాతంత్ర్యానంతరమే స్థిరరూపం పొందింది. 1948 ఫ్యాక్టరీల చట్టం, యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు శిశుశాల ఉండాలని విధించింది. 1976 సవరణ ఆ సంఖ్యను ముప్పైకి తగ్గించింది.

ఈ రక్షణ ఒక్కొక్క మిల్లులో పనిచేసే స్త్రీల సంఖ్యపై ఆధారపడినది. చిన్న చిన్న మిల్లులుగా, సీజను కూలీతో నడిచే పరిశ్రమలో ఆ సంఖ్యను దాటని పనిచోట్లు ఎన్నో ఉంటాయి. అంతకన్నా ముఖ్యంగా, పత్తి పనిలో అధిక సంఖ్యాకులైన స్త్రీలు మిల్లులో లేరు, చేనులో ఉన్నారు. పత్తి ఏరే చేను చట్టం దృష్టిలో ఫ్యాక్టరీ కాదు. అక్కడ శిశుశాల అంటే గట్టున ఉన్న చెట్టు, కొమ్మకు కట్టిన చీర ఉయ్యాల, దాని పక్కన కూర్చున్న ఏడెనిమిదేళ్ల అక్క.

4. బాలవాడి నుంచి అంగన్‌వాడీకి

1953 ఈ ప్రాంతానికి రెండు విధాల ముఖ్యమైన సంవత్సరం. ఆగస్టులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించి, ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి అనుభవం, బోర్డు 1954లో చేపట్టిన సంక్షేమ విస్తరణ పథకాలలో కనిపిస్తుంది. గ్రామాలలో బాలవాడి, ప్రసూతి సేవలు, స్త్రీలకు వృత్తిశిక్షణ ఒకే పథకంలో చేరాయి. బిడ్డ చదువునూ తల్లి పనినీ కలిపి చూసిన ఈ ఆలోచన కాలానికి ముందున్నది.

గుజరాత్‌లో గిజూభాయి బధేకా 1920లో భావనగర్‌లో నెలకొల్పిన బాలమందిరం, తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945లో బోర్డీలో మొదలుపెట్టిన బాలవాడి ఈ ఉద్యమానికి నేపథ్యం. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల వాకిలికి వెళ్లాలన్న వారి ఆచరణ నుంచే ‘అంగన్‌వాడీ’ అన్న భావన ఎదిగింది. బియ్యంలో అక్షరం దిద్దించడానికి గురువు ఇంటికి వచ్చిన సంప్రదాయాన్ని ఇది గుర్తు చేస్తుంది. తేడా ఏమిటంటే ఈసారి బడి వచ్చింది దక్షిణ ఇచ్చుకోలేని వాకిళ్లకు.

1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం మొదలైంది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, వైద్య సిఫారసు, పోషణ ఆరోగ్య విద్య, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వప్రాథమిక విద్య అనే ఆరు సేవలు ఇందులో ఉన్నాయి. 2001 నవంబరు 28న, ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ ఉండాలని ఆదేశించింది. 2006 డిసెంబరు 13 నాటి ఉత్తర్వు, ఆరేళ్లలోపు పిల్లలు నలభైమంది ఉన్న ఆవాసం అడిగితే మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలన్నది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ఆ భోజనాన్ని చట్టబద్ధం చేసింది. అప్పటిదాకా దయగా ఉన్నది ఈ మూడు మెట్లలో హక్కుగా మారింది.

అయినా పథకం నిర్మాణంలోనే ఒక ఖాళీ ఉంది. మూడేళ్లలోపు బిడ్డకు ఇంటికి తీసుకువెళ్లే పోషకాహారం అందుతుంది. కాని తల్లి పనిలో ఉన్న గంటలలో ఆ బిడ్డ ఉండేందుకు చోటు అందులో లేదు. మూడేళ్లు దాటినవారికైనా కేంద్రం వేళలు కూలి వేళలతో సరిపోవు. పత్తి ఏరే స్త్రీ పొద్దు పొడిచే వేళకే చేను దారి పడుతుంది.

5. ఆరేళ్ల గీత

రాజ్యాంగంలోని 45వ అధికరణం మొదటి రూపం, పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను పదేళ్లలో అందించేందుకు రాజ్యం కృషి చేయాలన్నది. పై వయసు చెప్పిందే కాని కింది వయసు చెప్పలేదు. 1993 ఫిబ్రవరిలో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు విద్య మౌలిక హక్కు అని ప్రకటించింది. వృత్తివిద్యా కళాశాలల ఫీజుల వివాదంగా మొదలైన కేసు ఇలా పసిపిల్లలకు కూడా తలుపు తెరిచింది. 2002 నాటి 86వ సవరణ ఆ తలుపును సగం మూసింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి విద్యను హక్కుగా చేస్తూ, ఆరేళ్లలోపు వారి సంరక్షణను, విద్యను ఆదేశిక సూత్రంగానే ఉంచింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా మూడేళ్లు దాటిన పిల్లల విషయంలో ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అన్నదే కాని చేయాలి అనలేదు.

ఆదోని చేనుగట్టు మీద ఈ గీత అర్థం వేరుగా ఉంటుంది. అక్కడ ఉయ్యాల ఊపుతున్న అక్కకు బడి హక్కు ఉంది. ఉయ్యాలలోని తమ్ముడికి శిశుశాల హక్కు లేదు. రెండో హక్కు లేనందువల్ల మొదటి హక్కు ఆమెకు అందదు. చట్టం విడదీసిన ఈ ఇద్దరు పిల్లలూ జీవితంలో ఒకే తాడుకు కట్టుబడి ఉన్నారు. 2011 జనగణనలో కర్నూలు జిల్లా స్త్రీల అక్షరాస్యత యాభై శాతానికి చేరలేదు. దీనికి కారణాలు అనేకం. వాటిలో పసిబిడ్డల సంరక్షణ భారం ఆడపిల్లపై పడటం ఒకటని గుర్తించకుండా ఆ అంకెను చదవలేం. అందువల్ల ఈ ప్రాంతంలో అంగన్‌వాడీ చరిత్ర అంటే బాలికల పాఠశాల విద్యాచరిత్రలో మొదటి అధ్యాయం.

6. సుగ్గి

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద మండలాలతో పాటు ఆదోని, ఎమ్మిగనూరు గ్రామాల వ్యవహారంలో వలసకు ‘సుగ్గి’ అని పేరు. కన్నడంలో సుగ్గి అంటే కోతకాలం, పంట ఇంటికి వచ్చే సంబరం. ఈ సరిహద్దు సీమలో ఆ మాట అర్థం తిరగబడింది. ‘సుగ్గికి పోవడం’ అంటే తమ చేలు వానకు మొహం వాచి ఉండగా, ఎక్కడో పండిన పంటను కోయడానికి ఊరు విడవడం. గుంటూరు ప్రాంతంలో పత్తి ఏరడం, మిరప కోతలు ముఖ్యమైన గమ్యాలు. హైదరాబాదు, బెంగుళూరు నిర్మాణ పనులు మరికొన్ని. పంట సంబరాన్ని చెప్పిన మాట ప్రవాసాన్ని చెప్పడం మొదలుపెట్టిన ఈ అర్థపరిణామంలో ఒక ప్రాంతపు ఆర్థిక చరిత్ర దాగి ఉంది.

వలస వెళ్లే కుటుంబాల బడీడు పిల్లల చదువు ఆగకుండా, సర్వశిక్షా అభియాన్ కాలం నుంచి ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు నడిచాయి. తల్లిదండ్రులు తిరిగి వచ్చేదాకా పిల్లలు అక్కడ తిని, నిద్రించి, చదువుకుంటారు. ఇది మేలైన ఏర్పాటు. అయితే దీని ప్రమాణం కూడా బడీడే. ఆరేళ్లు దాటిన అన్న హాస్టల్లో ఉంటాడు. నాలుగేళ్ల చెల్లెలు లారీ ఎక్కుతుంది. ఆమె పేరు సొంత ఊరి అంగన్‌వాడీ పట్టీలో ఉంటుంది, ఆమె మాత్రం మిరప చేను పక్కన వేసిన గుడిసెలో ఉంటుంది. మిరప ఘాటు, ఎండ, తెలియని ఊరు ఆమె పూర్వప్రాథమిక దశ.

‘వాకిలి’ అని అర్థమిచ్చే పేరున్న సంస్థ వాకిలి లేని బిడ్డను ఎలా చేరుతుందన్నది ఇక్కడి అసలు ప్రశ్న. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్‌లో నమోదును వెళ్లిన చోటికి మార్చుకునే వీలు ఉంది. కాని నమోదు కదిలినంత మాత్రాన ఊరికి దూరంగా ఉన్న చేనులోని గుడిసె దాకా కేంద్రం కదలదు. పనిచోటుకే సంరక్షణను తీసుకువెళ్లిన నమూనాలు దేశంలో లేకపోలేదు. 1969లో మీరా మహదేవన్ ఢిల్లీలో భవన నిర్మాణ కార్మికుల పిల్లలకోసం మొదలుపెట్టిన మొబైల్ క్రెష్‌లు అటువంటివే. 2005 ఉపాధి హామీ చట్టం కూడా, పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు ఉంటే వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించి ఆమెకు కూలి ఇవ్వాలన్నది. పిల్లలను చూడటం కూడా కూలికి తగిన పనేనని ఒక చట్టం ఒప్పుకున్న అరుదైన సందర్భం ఇది. అయితే సుగ్గి పని ప్రైవేటు చేలలో జరుగుతుంది. అక్కడ ఈ నియమం వర్తించదు.

పిల్లలను చూసే పనికి విలువ కట్టే ప్రశ్న అంగన్‌వాడీ లోపలా ఉంది. పథకం తన కార్యకర్తలను మొదటినుంచీ గౌరవ వేతనం పొందే సేవకులుగానే పరిగణించింది. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులపాటు ఆంధ్రప్రదేశ్ అంతటా అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు చేసిన సమ్మె ఈ వైరుధ్యాన్ని బహిరంగపరిచింది. వారి సేవను అత్యవసర సేవల చట్టం కిందికి తెచ్చిన ప్రభుత్వ నిర్ణయం, అది ఎంత అత్యవసరమో పరోక్షంగా అంగీకరించింది.

ముగింపు

1823లో క్యాంప్‌బెల్ బడిలో ఉన్న పిల్లలను లెక్కించాడు. నేటి గణాంకాలు నమోదైన పిల్లలను లెక్కిస్తున్నాయి. రెండు లెక్కలూ ఊరిలో ఉన్న బిడ్డను చూసినంతగా పనివెంట కదిలే బిడ్డను చూడలేదు. నేత ఇంట్లో పని, సంరక్షణ, తొలి విద్య ఒకే గదిలో ఉండేవి. మిల్లు ఆ గదిని చీల్చింది. సుగ్గి ఆ గదినే లేకుండా చేసింది. బాలవాడి, అంగన్‌వాడీలు దాన్ని ఊరి నడుమ తిరిగి కట్టే ప్రయత్నం చేశాయి. అవి సాధించినది తక్కువేమీ కాదు. అక్షరాభ్యాసపు దక్షిణ ఇచ్చుకోలేని ఇళ్ల పిల్లలకు అవే తొలి బడులు.

2020 నాటి జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా చూడాలని చెబుతోంది. కాగితం మీద ఆరేళ్ల గీత ఇలా చెరుగుతోంది. చేనుగట్టు మీద అది చెరగాలంటే మూడేళ్లలోపు బిడ్డకు పగటి చోటు, కూలి వేళలకు సరిపోయే కేంద్రం, సుగ్గి నెలల్లో వెంట వచ్చే సంరక్షణ అవసరం. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరుపడిన తర్వాత కర్నూలు జిల్లాలో పడమటి మండలాల పాలు పెరిగింది. ఇక వాటిని జిల్లాలో ఒక మూలగా చూడటం సాధ్యం కాదు. సాహిత్య పరిశోధనకు కూడా ఇందులో పని ఉంది. జోలపాటను సేకరించేటప్పుడు పాడిన మనిషి పేరు, ఊరుతో పాటు, పాడే వేళ ఆమె చేతులు ఏ పనిలో ఉన్నాయో కూడా నమోదు చేయడం మొదలుపెడితే, చరిత్ర దస్త్రాలలో లేని బిడ్డలు కొందరైనా ఆ పాటల వెంట కనిపిస్తారు.